గోట్ ఫార్మాట్: 2005 నాటి యు-గి-ఓ ఆడటం ఎలా, నలుగురిని కూడగట్టడం ఎలా

ఒకప్పుడు యు-గి-ఓ కార్డుల ఆట ఆడి, మధ్యలో వదిలేసి, ఇన్నేళ్ళకు మళ్ళీ కార్డుల పెట్టె తీసినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇప్పటి కొత్త కార్డు చేతిలోకి తీసుకుంటే చీమల బారులా అక్షరాలు. ఎదుటివాళ్ళు ఒకే టర్న్‌లో పది కార్డులు దించుతూ పోతుంటే మన వంతు వచ్చేదాకా చూస్తూ కూర్చోవడమే. ఆ వేగం నచ్చేవాళ్ళకు అది మంచి ఆటే. కానీ ఒక మాన్‌స్టర్‌ని బోర్లా పెట్టి, వెనక ఒక ట్రాప్ దాచి, "ఇప్పుడేం చేస్తావు?" అన్నట్టు ఎదుటి మనిషి మొహం చూసే ఆట కావాలంటే గోట్ ఫార్మాట్ ఇప్పటికీ ఉంది.

2005 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ చివరి దాకా అమల్లో ఉన్న నిషేధ జాబితాతో, అప్పటికి వచ్చిన కార్డులతోనే ఆడే ఆట ఇది. ఆ రోజుల్లో స్కేప్‌గోట్ అనే స్పెల్ కార్డు లేని మంచి డెక్ (ఆడటానికి కట్టుకునే కార్డుల కట్ట) అరుదు కాబట్టి ఆ పేరే ఫార్మాట్‌కు నిలిచిపోయింది. కార్డు పేరులో మేక ఉన్నా అది దించేవి గొర్రె టోకెన్లు, అంటే మాన్‌స్టర్ కార్డుల బదులు బల్ల మీద పెట్టే గుర్తులు. వాటి సంగతి కింద వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆట సగం వాటి చుట్టూనే తిరుగుతుంది.

కొన్నేళ్ళుగా ఇది ఆడుతూ, ఆడిస్తూ నాకు అర్థమైంది ఒకటుంది. పాత ఫార్మాట్‌కు కార్డులు సంపాదించడం పెద్ద పని కాదు. ఎదురుగా కూర్చునే మనిషిని సంపాదించడమే అసలు పని. కొత్త ఫార్మాట్‌కు కంపెనీ కొత్త సెట్లు తెస్తుంది, పోటీలు పెడుతుంది, మనుషులను తనే తెస్తుంది. ఆగిపోయిన కాలానికి ఆ ఏర్పాటు తక్కువ. ఆడాలనుకున్నవాళ్ళే మనుషులను తెచ్చుకోవాలి. అందుకే ఈ గైడ్‌లో ప్రతి అడుగూ ఇద్దరి కోసం రాశాను. డెక్ కూడా ఒకటి కాదు, రెండు కట్టమంటాను.

1. ముందు హద్దులు గీసుకోండి

పాత ఫార్మాట్లు చాలానే ఉన్నాయి. యు-గి-ఓలోనే 2010 వసంతకాలం నాటి ఎడిసన్ ఫార్మాట్ ఉంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో జరిగిన ఛాంపియన్‌షిప్ వల్ల దానికి ఆ పేరు. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే మరో కార్డుల ఆట ఆడేవాళ్ళకు స్వీడన్‌లో పుట్టిన ప్రీమోడర్న్ ఉంది. 1995 నాటి ఫోర్త్ ఎడిషన్ నుంచి 2003 నాటి స్కర్జ్ దాకా వచ్చిన సెట్లతో ఆడతారు. మీ బృందం ఏది చిన్నప్పుడు ఆడిందో అదే ఎంచుకోవడం మంచిది. ఇక్కడ నేను గోట్ గురించే చెబుతున్నా, మనుషుల గురించి చెప్పే మాటలు వేటికైనా సరిపోతాయి.

గోట్‌లో కార్డుల హద్దు 2005 జూన్‌లో వచ్చిన ద లాస్ట్ మిలీనియం సెట్. ఆ ఆగస్టులో వచ్చిన సైబర్నెటిక్ రెవల్యూషన్‌ని ఇప్పుడు ఆడేవాళ్ళు చాలామంది పక్కన పెడతారు. కారణం అందులోని సైబర్ డ్రాగన్. ఎదుటి వైపు మాన్‌స్టర్ ఉండి మన వైపు ఖాళీగా ఉంటే చేతిలోంచి ఊరికే దిగిపోయే 2100 అటాక్ కార్డు అది. అది వస్తే గోట్‌లోని నెమ్మది చెదిరిపోతుంది. మీరూ దాన్ని బయటే ఉంచండి.

నిషేధంలో ఉన్నవి: రైగెకి, డార్క్ హోల్, మాన్‌స్టర్ రీబోర్న్, ఛేంజ్ ఆఫ్ హార్ట్, యాటా-గరాసు, కేయాస్ ఎంపరర్ డ్రాగన్ లాంటివి. అన్నీ ఇక్కడ రాయను. పూర్తి జాబితా ఒకసారి ప్రింట్ తీసి పెట్టుకోండి.

2. నియమాల కాగితం రాయండి

దీన్ని తేలిగ్గా తీసుకుని నేను ఒకసారి నష్టపోయాను. ఎనిమిది మందితో చిన్న పోటీ పెట్టాం. ఒక కొత్త ఆటగాడు అప్పు తెచ్చుకున్న రింగ్ ఆఫ్ డిస్ట్రక్షన్ వేశాడు. ఒక మాన్‌స్టర్‌ని నాశనం చేసి, దాని అటాక్ అంత దెబ్బ వేసే ట్రాప్ అది. అతను వేసింది ఈమధ్య ముద్రించిన కాపీ. దాని మీదున్న మాటల ప్రకారం అది ఎదుటివాళ్ళ టర్న్‌లో ఎదుటివాళ్ళ మాన్‌స్టర్ మీదే పనిచేస్తుంది. 2005 నాటి మాట ప్రకారం ఎవరి టర్న్‌లోనైనా, ఏ వైపు మాన్‌స్టర్ మీదైనా వేయొచ్చు. ఇద్దరికీ ఒకేసారి దెబ్బ తగులుతుంది, ఇద్దరి లైఫ్ పాయింట్లూ సున్నాకి పడితే డ్రా. అతను కార్డు మీద ఉన్నదే చదివాడు, ఎదుటి అతను గుర్తున్నది చెప్పాడు. ఇద్దరూ నిజమే మాట్లాడుతున్నారు. మా దగ్గర చూపించడానికి కాగితం లేదు. అరగంట వాదన తర్వాత కొత్త అతను ఆట పూర్తి చేసి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. తప్పు అతనిది కాదు, పోటీ పెట్టిన నాది.

అప్పటి నుంచి ఒక పేజీ కాగితం బల్ల మీద ఉండాల్సిందే అంటాను. అందులో ఇవి ఉండాలి.

కార్డు ఏ సంవత్సరపు ముద్రణ అయినా పర్వాలేదు, మాటలు మాత్రం 2005 నాటివే చెల్లుతాయి. తర్వాత మాటలు మారిన కార్డుల్లో ఎక్కువగా తగిలేవి మూడు: రింగ్ ఆఫ్ డిస్ట్రక్షన్, శాంగన్, సినిస్టర్ సర్పెంట్. శాంగన్‌తో డెక్‌లోంచి తెచ్చుకున్న కార్డు ఎఫెక్ట్‌ని అప్పట్లో అదే టర్న్‌లో వాడుకోవచ్చు, ఇప్పటి ముద్రణ ఒప్పుకోదు. సర్పెంట్ అప్పట్లో ఏ షరతూ లేకుండా మీ ప్రతి స్టాండ్‌బై ఫేజ్‌లో (టర్న్ మొదట్లో కార్డు తీసుకున్నాక వచ్చే దశ) గ్రేవ్‌యార్డ్ నుంచి, అంటే వాడేసిన, నాశనమైన కార్డుల కుప్పలోంచి, చేతికి తిరిగొస్తుంది. ఈ మూడింటి పాత మాటలు కాగితం మీద రాసేయండి.

మొదట ఆడేవాళ్ళు కూడా మొదటి టర్న్‌లో కార్డు తీసుకుంటారు, అటాక్ మాత్రం చేయలేరు. బల్ల మొత్తానికి వర్తించే ఫీల్డ్ స్పెల్ రెండు వైపులా కలిపి ఒక్కటే ఉండాలి. కొత్తది పడితే పాతది పోతుంది. మెయిన్ డెక్ కనీసం 40 కార్డులు. సైడ్ డెక్ (ఆటకీ ఆటకీ మధ్య మార్చుకునే కార్డులు) పెట్టుకుంటే కచ్చితంగా 15, లేకపోతే అసలు వద్దు. ఫ్యూజన్ మాన్‌స్టర్లను విడిగా ఉంచే ఫ్యూజన్ డెక్‌కు పరిమితి లేదు.

ఇక ప్రయారిటీ. ఇప్పటి ఆట తెలిసినవాళ్ళు తడబడేది ఇక్కడే, కాబట్టి ఉదాహరణతో రాయండి. మీరు ఎక్సైల్డ్ ఫోర్స్‌ని సమన్ చేశారు, అంటే బల్ల మీదికి దించారు. తనను తాను ట్రిబ్యూట్ చేసుకుని (బలి ఇచ్చుకుని) ఎదుటి మాన్‌స్టర్ ఒకదాన్ని నాశనం చేయడం దాని ఎఫెక్ట్. సమన్ పూర్తవగానే మొదటి మాట మీదే. ఎదుటివాళ్ళు ట్రాప్ తిప్పే లోపే "ప్రయారిటీ వాడుతున్నా" అని ఎఫెక్ట్ మొదలుపెట్టొచ్చు. వాళ్ళు దానికి చెయిన్‌గా, అంటే వెంటనే జవాబుగా, ఏదైనా వేయొచ్చు, కానీ ఎక్సైల్డ్ ఫోర్స్ అప్పటికే గ్రేవ్‌యార్డ్ చేరింది, దాని పని ఆగదు. ట్రైబ్ ఇన్ఫెక్టింగ్ వైరస్, బ్లాక్ లస్టర్ సోల్జర్ కూడా ఇంతే. సమన్‌నే రద్దు చేసే కార్డుల ముందు మాత్రం ఇది నడవదు, ఎందుకంటే సమన్ ఇంకా పూర్తి కాలేదు.

ఇంతే కాగితం. ఒక పేజీ దాటనివ్వకండి, దాటితే ఎవరూ చదవరు.

3. రెండు డెక్‌లు కట్టండి

మీ కోసం ఒకటి, ఎదుటి మనిషి కోసం ఒకటి. రెండోది మిగిలిపోయిన కార్డులతో కట్టిన బలహీనమైనది కాకూడదు. అప్పు డెక్‌తో వరసగా ఓడిపోయినవాళ్ళు రెండోసారి రారు.

ముందు రెండింటికీ ఉమ్మడిగా ఉండేవి. ఒక్కో కాపీ మాత్రమే అనుమతి ఉన్న శక్తివంతమైన కార్డులు గోట్‌లో ఒక గుంపు ఉన్నాయి. పాట్ ఆఫ్ గ్రీడ్ రెండు కార్డులు ఇస్తుంది. గ్రేస్‌ఫుల్ చారిటీ మూడు ఇచ్చి రెండు పారేయమంటుంది. డెలింక్వెంట్ డ్యువో 1000 లైఫ్ పాయింట్లు తీసుకుని ఎదుటివాళ్ళ చేతిలోంచి రెండు కార్డులు పోగొడుతుంది. ఈ మూడింటినీ ఆటగాళ్ళు ట్రినిటీ అంటారు. వీటితో పాటు హెవీ స్టార్మ్, మిస్టికల్ స్పేస్ టైఫూన్, స్నాచ్ స్టీల్, ప్రిమెచ్యూర్ బరియల్, కాల్ ఆఫ్ ద హాంటెడ్, టొరెన్షియల్ ట్రిబ్యూట్, రింగ్ ఆఫ్ డిస్ట్రక్షన్, మిర్రర్ ఫోర్స్. మాన్‌స్టర్లలో బ్లాక్ లస్టర్ సోల్జర్, బ్రేకర్, ట్రైబ్ ఇన్ఫెక్టింగ్ వైరస్, శాంగన్, సినిస్టర్ సర్పెంట్. ఇవి దాదాపు ప్రతి డెక్‌లో కనిపిస్తాయి. కొత్తవాళ్ళు దీన్ని చూసి "అన్ని డెక్‌లూ ఒకేలా ఉన్నాయే" అంటారు. ఒక నెల ఆడాక ఆ మాట మానేస్తారు, ఎందుకంటే మిగతా 20, 25 కార్డుల తేడాయే ఆటని పూర్తిగా మార్చేస్తుంది.

మీ డెక్ గొర్రెల చుట్టూ కట్టే గోట్ కంట్రోల్ అనుకుందాం. ఉమ్మడి కార్డుల మీద స్కేప్‌గోట్, మెటమార్ఫసిస్, సుకుయోమి, మెజీషియన్ ఆఫ్ ఫెయిత్, బుక్ ఆఫ్ మూన్, నోబుల్‌మన్ ఆఫ్ క్రాసౌట్, ఎయిర్‌నైట్ పర్షాత్ చేరతాయి. ఫ్యూజన్ డెక్‌లో థౌజండ్ ఐస్ రిస్ట్రిక్ట్ తప్పనిసరి. లెవెల్ 5 కోసం డార్క్ బాల్టర్ ద టెరిబుల్ ఉంచండి, ఎయిర్‌నైట్‌ని మెటమార్ఫసిస్‌తో మార్చాల్సి వస్తే పనికొస్తుంది.

అప్పు డెక్ వారియర్స్‌తో కట్టండి. డి.డి. వారియర్ లేడీ, ఎక్సైల్డ్ ఫోర్స్, బ్లేడ్ నైట్, మిస్టిక్ స్వోర్డ్స్‌మన్ లెవెల్ 2, వాటిని వెతికి తెచ్చే రీఇన్‌ఫోర్స్‌మెంట్ ఆఫ్ ద ఆర్మీ, వెనక సకురెట్సు ఆర్మర్లు. మాన్‌స్టర్ దించు, అటాక్ చెయ్యి, ఎదుటిది అడ్డొస్తే తీసెయ్యి. కొత్త మనిషికి మొదటి ఆటలోనే చేయి తిరుగుతుంది. పైగా ఇది గోట్ కంట్రోల్‌ని నిజంగా ఓడించే డెక్, అప్పు ఇచ్చేవాళ్ళ దయ మీద బతికేది కాదు.

కార్డుల సంగతికొస్తే, మ్యాజిక్‌లో లాగా మళ్ళీ ముద్రించబోమని మాట ఇచ్చిన జాబితా యు-గి-ఓకి లేదు. పై కార్డుల్లో చాలావాటికి చాలాసార్లు పునర్ముద్రణ వచ్చింది. మొదటి ముద్రణ మెరుపు కార్డులు సేకరించేవాళ్ళకు వదిలేయండి, మామూలు కాపీతో ఆట అదే. ఇంకా దొరకని కార్డుకి ప్రాక్సీ పెట్టుకోవచ్చు. స్లీవ్‌లో (కార్డు తొడుగులో) ఒక మామూలు కార్డు ముందు కాగితం మీద పేరు, పాత మాటలు రాసి పెడితే చాలు. అచ్చం అసలు కార్డులా కనిపించే నకిలీలను మాత్రం బల్ల దగ్గరికి రానివ్వకండి. అది ఏదో రోజు ఎవరికో అసలు కార్డు పేరుతో అమ్ముడవుతుంది. కంపెనీ కొనామీ ఇప్పుడు టైమ్ విజార్డ్ పేరుతో పాత ఫార్మాట్ల పోటీలు తనే నడుపుతోంది, గోట్ కూడా అందులో ఉంది. అక్కడికి వెళ్ళేవాళ్ళు అసలు కార్డులే పట్టుకెళ్ళాలి.

రెండు డెక్‌లకీ వేరు వేరు రంగు స్లీవ్స్ వేయండి. ఆట అయ్యాక ఎవరి కార్డులు ఎవరివో క్షణంలో తేలిపోతుంది.

4. ఆడేటప్పుడు లెక్క పెట్టండి

గోట్ అంటే లెక్క. మీరు ఒక కార్డు వేసి ఎదుటివాళ్ళ కార్డు ఒకటి పోగొడితే సరికి సరి. ఒకటి వేసి రెండు తెచ్చుకుంటే మీరు ఒకటి ముందు. పాట్ ఆఫ్ గ్రీడ్ అందుకే గొప్పది. ప్రతి టర్న్ చివర రెండు వైపులా చేతిలో, బల్ల మీద మొత్తం ఎన్ని కార్డులున్నాయో మనసులో లెక్కేసుకోవడం అలవాటు చేసుకోండి. ఎనిమిది వేల లైఫ్ పాయింట్లలో రెండు వేలు తగ్గినా టెన్షన్ పడక్కర్లేదు. కార్డుల లెక్కలో మూడు వెనకబడితే మాత్రం పడాలి.

ఇప్పుడు గొర్రెల సంగతి. స్కేప్‌గోట్ నాలుగు టోకెన్లు దించుతుంది, ఒక్కోటి లెవెల్ 1, అటాక్ డిఫెన్స్ రెండూ సున్నా. అది వేసిన టర్న్‌లో మీరు వేరే మాన్‌స్టర్‌ని సమన్ చేయలేరు. అందుకే దాన్ని ముందే బోర్లా పెట్టి, ఎదుటివాళ్ళ టర్న్ చివర తిప్పుతారు. మీ టర్న్ రాగానే నాలుగు గొర్రెలు సిద్ధంగా ఉంటాయి.

బల్ల ఎలా ఉందో చూడండి. ఎదుటివాళ్ళ దగ్గర బ్రేకర్ ఒక్కటే నిలబడి ఉంది, దాని అటాక్ పెంచే కౌంటర్ అప్పటికే వాడేశారు కాబట్టి 1600 అటాక్. మీరు మెటమార్ఫసిస్ వేసి ఒక గొర్రెను ట్రిబ్యూట్ చేశారు. ఆ స్పెల్ అదే లెవెల్ ఫ్యూజన్ మాన్‌స్టర్‌ని దించుతుంది, కాబట్టి లెవెల్ 1 థౌజండ్ ఐస్ రిస్ట్రిక్ట్ దిగింది. ప్రయారిటీతో దాని ఎఫెక్ట్ వాడి బ్రేకర్‌ని మింగేశారు. ఇప్పుడు మీ మాన్‌స్టర్ అటాక్ 1600, నేరుగా కొట్టారు. అది తెరిచి ఉన్నంతసేపు మిగతా ఏ మాన్‌స్టర్ అటాక్ చేయలేదు, పొజిషన్ మార్చుకోలేదు.

ఎదుటివాళ్ళు తమ టర్న్‌లో ఒక మాన్‌స్టర్‌ని బోర్లా పెట్టారు. మీరు ఆ టర్న్‌లో పెద్దగా ఏమీ చేయలేదనుకోండి. మళ్ళీ వాళ్ళ టర్న్‌లో ఆ బోర్లా ఉన్నదాన్ని ట్రిబ్యూట్ చేసి ఎయిర్‌నైట్ పర్షాత్‌ని దించారు. 1900 అటాక్, కానీ థౌజండ్ ఐస్ ముందు కదల్లేదు. మీ టర్న్‌లో సుకుయోమిని సమన్ చేయండి. అది తెరిచి ఉన్న ఒక మాన్‌స్టర్‌ని బోర్లా తిప్పుతుంది. మీ థౌజండ్ ఐస్‌నే తిప్పండి. అది బోర్లా పడగానే మింగిన బ్రేకర్ గ్రేవ్‌యార్డ్‌కి పోతుంది. వెంటనే థౌజండ్ ఐస్‌ని ఫ్లిప్ సమన్ చేయండి, అంటే మళ్ళీ తెరవండి, ఎఫెక్ట్ మళ్ళీ కొత్తగా వచ్చింది. ఎయిర్‌నైట్‌ని మింగేయండి. 1900తో నేరుగా కొట్టండి. టర్న్ చివర సుకుయోమి మీ చేతికి తిరిగొస్తుంది, వచ్చే టర్న్‌లో మళ్ళీ ఇదే పని. దీన్ని మొదటిసారి బల్ల మీద చూసినప్పుడు నాకు చాలాసేపు వేరే ఆలోచన రాలేదు. నాలుగు సున్నాల గొర్రెల్లోంచి ఇంత పుట్టిందా అని.

ఇంత బలముంటే విరుగుడు లేదా? ఉంది. ట్రైబ్ ఇన్ఫెక్టింగ్ వైరస్ వేసి "బీస్ట్" అంటే గొర్రెలన్నీ ఒక్కసారిగా పోతాయి. వాళ్ళ ఎయిర్‌నైట్ వచ్చి డిఫెన్స్‌లో ఉన్న గొర్రెను కొడితే తేడా మొత్తం మీ లైఫ్ పాయింట్ల నుంచి పోతుంది, పైగా వాళ్ళకో కార్డు వస్తుంది. ఎదురుగా ఎయిర్‌నైట్ ఉండగా గొర్రెల్ని అడ్డం పెట్టి కాపాడుకుందామనుకోవడం కొత్తవాళ్ళు తరచూ చేసే పొరపాటు.

వెనక వరసలో కార్డులు పరచడం గురించి: రెండు దాటితే ఆలోచించండి. హెవీ స్టార్మ్ ఒక్కటే అనుమతి, కానీ ఆ ఒక్కటి మూడు నాలుగు ట్రాప్‌ల మీద పడితే ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది. బోర్లా పెట్టిన వాటిలో స్కేప్‌గోట్ ఉంటే కొంత ధైర్యం, ఎందుకంటే స్టార్మ్‌కి చెయిన్‌గా తిప్పి గొర్రెల్ని దక్కించుకోవచ్చు.

బ్లాక్ లస్టర్ సోల్జర్ దిగాలంటే గ్రేవ్‌యార్డ్‌లోంచి ఒక లైట్, ఒక డార్క్ మాన్‌స్టర్‌ని (ఇవి కార్డు మీద రాసి ఉండే గుణాలు) ఆటలోంచి తీసేయాలి. కాబట్టి ఎదుటివాళ్ళ గ్రేవ్‌యార్డ్‌ని ప్రతి టర్న్ అడిగి చూడండి, చూసే హక్కు మీకుంది. శాంగన్, బ్రేకర్, స్పిరిట్ రీపర్, సుకుయోమి డార్క్. మెజీషియన్ ఆఫ్ ఫెయిత్, డి.డి. వారియర్ లేడీ, ఎయిర్‌నైట్ లైట్. రెండు గుణాలూ కనిపించాయంటే 3000 అటాక్ సోల్జర్ వచ్చే టర్న్‌లోనే తలుపు తట్టొచ్చు. అప్పుడు మీ మంచి మాన్‌స్టర్‌ని తొందరపడి దించకండి.

మెజీషియన్ ఆఫ్ ఫెయిత్ తిరగబడితే గ్రేవ్‌యార్డ్‌లోంచి ఒక స్పెల్ చేతికి వస్తుంది. దాంతో పాట్ ఆఫ్ గ్రీడ్‌ని మళ్ళీ వాడుకోవడం అందరికీ ఇష్టం. కానీ బోర్లా ఉన్న ఆమె మీద నోబుల్‌మన్ ఆఫ్ క్రాసౌట్ పడితే ఆమెతో పాటు ఇద్దరి డెక్‌లలో ఉన్న మెజీషియన్లన్నీ ఆటలోంచి పోతాయి. మీరు వేసినా మీవీ పోతాయి. వేసే ముందు మీ డెక్ గుర్తు చేసుకోండి.

5. కొత్త మనిషిని కూర్చోబెట్టడం

మొదటి ఆట ఇద్దరూ చేతిలోని కార్డులు కనబడేలా తెరిచి ఆడండి. ఎందుకు ఈ కార్డు వేయలేదో, ఏ కార్డుకి భయపడ్డారో పైకి చెబుతూ ఆడండి. రెండో ఆటకి డెక్‌లు మార్చుకోండి, అంటే మీరు వారియర్స్, వాళ్ళు గోట్ కంట్రోల్. తాము ఓడిపోయిన డెక్ తమ చేతిలోకి రాగానే వాళ్ళకు ఆట లోపలి మాట అర్థమవుతుంది. మూడోది అసలు ఆట. ఈ మూడూ ఒకే సాయంత్రం అయిపోవాలి.

వెళ్ళేటప్పుడు అప్పు డెక్ వాళ్ళతోనే పంపండి. కార్డులు పోతాయేమోనని భయపడేవాళ్ళు ప్రాక్సీలతో పంపొచ్చు. చేతిలో డెక్ ఉన్న మనిషి ఇంట్లో దాన్ని తీసి చూస్తాడు, ఒక కార్డు మార్చాలనుకుంటాడు, ఆ మార్పు పనిచేస్తుందో లేదో చూడ్డానికి మళ్ళీ వస్తాడు. నా దగ్గర మళ్ళీ మళ్ళీ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది డెక్ పట్టుకెళ్ళినవాళ్ళే.

దగ్గర్లో ఎవరూ లేకపోతే ఆన్‌లైన్ ఉంది. ఈడీఓప్రో అనే ప్రోగ్రామ్‌లో గోట్ జాబితా, పాత నియమాలు ఎంచుకుంటే కార్డుల పాత మాటలను యంత్రమే అమలు చేస్తుంది. డ్యూయెలింగ్ బుక్ అనే వెబ్‌సైట్‌లో అన్నీ మన చేతులతో చేయాలి, నియమాలు మనమే పాటించాలి. నేర్చుకునేటప్పుడు మొదటిది తేలిక. కానీ బల్ల మీద ఆడబోయేవాళ్ళు రెండోదాంట్లో కొంత ఆడి తీరాలి, లేకపోతే ప్రయారిటీ అడగడం నోటికి రాదు.

6. చిన్న పోటీ

నలుగురు చాలు. ప్రతి ఒక్కరూ మిగతా ముగ్గురితో ఆడితే మూడు రౌండ్లు, మొత్తం ఆరు మ్యాచ్‌లు. ఓడినవాళ్ళని ఇంటికి పంపే పద్ధతి చిన్న బృందంలో వద్దు. అంత దూరం వచ్చి గంటలో ఖాళీగా కూర్చుంటే ఎవరికీ బాగుండదు. ఎనిమిది మంది వస్తే స్విస్ పద్ధతిలో మూడు రౌండ్లు పెట్టండి. గెలిచినవాళ్ళు గెలిచినవాళ్ళతో ఆడుతూ పోతే, డ్రాలు లేకుంటే, మూడో రౌండ్ అయ్యేసరికి ఒక్కరే ఓటమి లేకుండా మిగులుతారు.

మూడు ఆటల మ్యాచ్‌కి గంట ఇవ్వండి. గోట్ ఆటలు సాగుతాయి, తక్కువ టైమ్ పెడితే నెమ్మదిగా ఆడే డెక్‌లకు అన్యాయం. బహుమతి చిన్నదిగా ఉండాలి. పెద్ద బహుమతి పెట్టిన రోజు మనుషులు ఎక్కువగానే వస్తారు, కానీ ఆ రోజే గొడవలూ ఎక్కువ, తర్వాతి నెల మళ్ళీ పాత నలుగురే. మాకు నచ్చిన బహుమతి ఒకటి చెప్తా: గెలిచినవాళ్ళ డెక్‌ని తర్వాతి సారి అందరికంటే కింద ఉన్నవాళ్ళు ఆడతారు, ఆ డెక్ కట్టినవాళ్ళు పక్కన కూర్చుని సాయం చేస్తారు.

రోజు మార్చకండి. నెలలో ఒక రోజు అనుకుంటే ఇద్దరే వచ్చినా ఆ రోజు జరగాలి. రెండుసార్లు రద్దయిన కూటమికి మూడోసారి ఎవరూ రారు.

7. ఏడాది తర్వాత వచ్చే విసుగు

ఏదో ఒక రోజు ఎవరో ఒకరు అంటారు: "అన్నీ తెలిసిపోయాయి, జాబితా కొంచెం మారుద్దాం, ట్రినిటీ తీసేద్దాం." ఒప్పుకోవద్దని నా గట్టి అభిప్రాయం. జాబితా మారిస్తే అది మీ ఇంటి ఆట అవుతుంది. వేరే ఊరి నుంచి గోట్ డెక్‌తో వచ్చినవాళ్ళు మీతో ఆడలేరు, మీవాళ్ళు బయటి పోటీకి వెళ్ళలేరు. ఉమ్మడి జాబితా ఉండబట్టే ప్రపంచంలో ఏ మూలవాళ్ళైనా ఒక డెక్ పట్టుకొచ్చి కూర్చోగలుగుతున్నారు.

విసుగుకి మందు జాబితాలో లేదు, డెక్‌లలో ఉంది. ఒక నెల అందరూ గోట్ కంట్రోల్ కాకుండా వేరేది తేవాలని పెట్టండి. థండర్ డ్రాగన్‌లను పారేసి లైట్ మాన్‌స్టర్లను గ్రేవ్‌యార్డ్‌లో నింపే కేయాస్ టర్బో ఉంది. పిరమిడ్ టర్టిల్, బుక్ ఆఫ్ లైఫ్‌తో నడిచే జోంబీలున్నాయి. గ్రావిటీ బైండ్, వేవ్-మోషన్ కానన్ వెనక దాక్కుని మెల్లగా లైఫ్ పాయింట్లు కాల్చే బర్న్ ఉంది. ఇంకో నెల పెట్టెలోంచి చీటీ తీసి ఎవరి డెక్ ఎవరు ఆడాలో తేల్చండి.

ఒక నోట్‌బుక్ కూడా పెట్టండి. తేదీ, ఎవరు ఏ డెక్, ఎవరు మొదట ఆడారు, ఎవరు గెలిచారు, ఆట మలుపు తిరిగింది ఎక్కడ, అంతే. నాలుగు నెలలు రాశాక తిరగేస్తే, ఓడిపోయినప్పుడల్లా "కార్డులు రాలేదు" అని రాసుకున్న చోట్ల సగం హెవీ స్టార్మ్‌కి మూడు ట్రాప్‌లు ఇచ్చేసిన ఆటలే ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ నోట్‌బుక్ చదవడానికి ఇవ్వండి. వాళ్ళు మొట్టమొదట వెతికేది తమ ఎదురుగా కూర్చున్న మనిషి పేరే.

పెట్టె ఎప్పుడూ సర్ది ఉండాలి. అప్పు డెక్ బయట ఉంటే అలాంటిదే ఇంకోటి కట్టి పెట్టండి. నియమాల కాగితం, నిషేధ జాబితా, లైఫ్ పాయింట్లు రాయడానికి పెన్ను, కాగితాలు, ఒకటి రెండు పాచికలు, తేమ పట్టకుండా ఒక సిలికా పొట్లం. గొర్రె టోకెన్లు నాలుగు కాదు, ఎనిమిది ఉంచండి. ఎదుటి మనిషి కూడా స్కేప్‌గోట్ తిప్పుతాడు.